మ్యూజియం వీఆర్‌కు ధ్వని కూర్పు – మూడో పాఠం: నాడె ఎటు పరుగెత్తింది?

ఒడిశాలోని బరంపురంలో నేత వృత్తి చేసే దేవాంగుల ఇళ్లలో పట్టు మగ్గాల చప్పుళ్లను రికార్డు చేసే పద్ధతి గత పాఠంలో చూశాం. నాడె (అడ్డు దారాన్ని అటూ ఇటూ మోసుకెళ్లేది), పలక (ఆ దారాన్ని దగ్గరికి కొట్టేది), రాట్నం – ఒక్కోదానికి మైకు దగ్గరగా పెట్టి, విడివిడిగా, మోనోలో (ఒకే చానల్‌గా), 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 48 వేల నమూనాలతో) పట్టుకున్నాం. ఇప్పుడు వాటిని వీఆర్ (హెడ్‌సెట్‌లో కనిపించే కల్పిత లోకం) గదిలో వాటి చోట్లలో కూర్చోబెట్టాలి.

ముందు చెవి సంగతి. కుడివైపు పుట్టిన శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. సరిగ్గా పక్క నుంచి వచ్చినా ఆ తేడా 0.6–0.7 మిల్లీసెకన్లే. మెదడు దిక్కు పసిగట్టడానికి అది చాలు. సుమారు 1500 హెర్ట్జ్ దాటిన సన్నని శబ్దాలకు తల అడ్డుపడుతుంది, అవతలి చెవికి అవి తక్కువగా వినిపిస్తాయి. అయితే సరిగ్గా ఎదుట, సరిగ్గా వెనక పుట్టినవాటికి ఈ రెండు తేడాలూ ఉండవు. అప్పుడు తోడ్పడేవి చెవి డొప్ప, తల తిప్పడం.

అసలు పని ఇక్కడే ఉంది. సందర్శకుడు తల కుడికి తిప్పితే ఎదుటి మగ్గం ఎడమవైపు వినిపించాలి. దాని చప్పుడును స్టీరియో (ఎడమ, కుడి రెండు చానళ్ల) ఫైలుగా కలిపేస్తే చప్పుడు తలతో పాటే తిరుగుతుంది. మగ్గం ఒకచోట, దాని చప్పుడు మరోచోట ఉన్న గదిని ఎవరూ నమ్మరు, బొమ్మ ఎంత అందంగా ఉన్నా సరే. అందుకే గేమ్ ఇంజిన్‌లో (ఈ వీఆర్ గదిని నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ప్రతి చప్పుడునూ ఒక బిందువుగా, అంటే శబ్దం పుట్టే చోటుగా, ఆ వస్తువుకే తగిలించండి. పలక దెబ్బ ఒకచోటే పడుతుంది. నాడె పడుగు (మగ్గం మీద నిలువుగా సాగే దారాలు) మధ్య నుంచి దూసుకుపోతుంది కనుక దాని బిందువు కూడా కదలాలి. వీధి సందడికి నాలుగు చానళ్ల యాంబిసోనిక్ (చుట్టూ అన్ని దిక్కుల శబ్దాన్నీ ఒకేసారి పట్టే) రికార్డింగ్ సరిపోతుంది.

ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు దాన్ని తిప్పికొడతాయి కాబట్టి అంత తగ్గదు. దూరాన్ని అక్కడ ప్రతిధ్వని పాలే చెబుతుంది: దగ్గరి మగ్గానికి తక్కువ, వెనక గదిలోని రాట్నానికి ఎక్కువ. మోజుపడి అతిగా కలపకండి. పట్టు చిలపలు (దారపు చుట్టలు) వేలాడే చిన్న ఇల్లు గుడి మండపంలా మోగకూడదు.

వ్యాఖ్యానాన్ని రెండు చెవులకూ సమానంగా ఇవ్వండి. నేతగాడి మాట మాత్రం ఆయన కూర్చున్న చోటి నుంచే రావాలి. ఒడియా, తెలుగు వ్యాఖ్యానాలను వేర్వేరు ట్రాకుల్లో ఉంచితే మగ్గాన్ని ముట్టుకోకుండానే భాష మార్చవచ్చు. పలక లయ నడుస్తున్నంతసేపూ వ్యాఖ్యాతను మాట్లాడించకండి. ఈ ప్రదర్శనలో చూపదగ్గ వస్తువు ఆ లయే.

అభ్యాసం: ఇంట్లో ఒకరికి హెడ్‌సెట్ పెట్టి, చిత్రం ఆపి, రాట్నం ఎటు ఉందో చేత్తో చూపమనండి. ఒకసారి తల కదపకుండా, మరోసారి తిప్పుతూ. మొదటిసారి ముందూ వెనకా తారుమారైతే కంగారు పడకండి. రెండోసారీ తప్పితే బిందువు రాట్నానికి కాక సందర్శకుడి తలకు తగిలి ఉందేమో చూడండి.