పవర్ సేవర్ డబ్బా కొనేముందు మీటర్ లైటు లెక్కపెట్టండి

తిరుపతి ఎండలకు ఏసీ ఆపలేం, బిల్లు చూస్తే టెన్షన్. సరిగ్గా అప్పుడే "ప్లగ్గులో పెడితే చాలు, బిల్లు తగ్గుతుంది" అంటూ పవర్ సేవర్ డబ్బాలు అమ్మేవాళ్లు వస్తారు. డబ్బులిచ్చే ముందు ఈ పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు.

మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మినుకుమంటుంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో పక్కనే రాసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. మూడు పాత సీలింగ్ ఫ్యాన్లు ఫుల్ స్పీడులో పెట్టి మిగతావన్నీ ఆపేయండి. 5 నిమిషాలు లెక్కపెట్టండి. 3200 మీటర్‌లో 60 సార్లు వెలిగితే దాదాపు 225 వాట్లు వాడుతున్నట్టు. ఇప్పుడు డబ్బా పెట్టి మళ్లీ 5 నిమిషాలు చూడండి. లెక్క మారదు.

అమ్మేవాళ్లు తీగకు తగిలించి కరెంటు ప్రవాహం కొలిచే క్లాంప్ మీటర్‌లో ఆంపియర్లు తగ్గడం చూపిస్తారు. అది నిజమే, లోపలున్న కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ను, అంటే లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతును, సరిచేస్తుంది. కానీ ఇంటి బిల్లు వేసేది ఆంపియర్లకు కాదు, వాడిన యూనిట్లకు. పనికి రాని ఆ మిగతా కరెంటును కూడా కలిపే కేవీఏహెచ్ లెక్కన బిల్లు కట్టే ఫ్యాక్టరీలకైతే కెపాసిటర్ బాగా పనికొస్తుంది.

ఒక జాగ్రత్త: ఫ్రిజ్ గానీ ఇన్వర్టర్ ఏసీ గానీ ఆన్‌లో ఉంటే ఈ పరీక్ష పనిచేయదు, వాటి వాడకం దానంతటదే పెరిగి తగ్గుతుంటుంది.

ఆ డబ్బు తక్కువ కరెంటుతో తిరిగే మోటార్ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు పెట్టడం మేలు. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే ఇది 30 దగ్గర సరిపెట్టుకుంటుంది.