అమెరికా ఎన్నికల లెక్క, పాఠం 3: డెలిగేట్ల నుంచి 270 దాకా

కిందటి పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. ఒక నియోజకవర్గానికి డెమోక్రటిక్ పార్టీ 6 డెలిగేట్లను, అంటే పార్టీ మహాసభ (కన్వెన్షన్)లో అధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులను, కేటాయించింది. అక్కడి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి ముందుగా జరిగే ఓటింగ్‌లో, 'క' అనే అభ్యర్థికి 46 శాతం, 'చ'కు 31, 'ట'కు 13 వచ్చాయి. మిగతా 10 శాతం చిన్నాచితకా అభ్యర్థులు పంచుకున్నారు. ఎవరికి ఎందరు డెలిగేట్లు?

46 శాతానికి 6లో ఎంత అని నేరుగా లెక్క వేస్తే తప్పు వస్తుంది. ఆ పార్టీ 15 శాతం దగ్గర ఒక గీత గీసి పెట్టుకుంది. గీత దాటనివాళ్ల ఓట్లను ముందే పక్కన పెట్టేస్తారు. అంటే 'ట'కు సున్నా. మిగిలిన ఇద్దరి ఓట్లు కలిపితే 77. ఇప్పుడు 46ను 77తో భాగించి 6తో హెచ్చవేయండి: 3.58. అలాగే 'చ'కు 2.42. ముందు పూర్ణాంకాల ప్రకారం 3, 2 ఇచ్చేస్తారు. ఒక డెలిగేటు మిగిలాడు కదా, దశాంశం తర్వాత అంకె ఎవరిది పెద్దదైతే వాళ్లకే పోతాడు. జవాబు: 'క'కు 4, 'చ'కు 2. సగం ఓట్లు కూడా తెచ్చుకోని మనిషి మూడింట రెండు వంతులు పట్టుకుపోయాడు. 13 శాతం వచ్చిన మనిషి ఉత్త చేతులతో ఇంటికెళ్లాడు.

రిపబ్లికన్ పార్టీలో రాష్ట్రానికో పద్ధతి. 2024లో కాలిఫోర్నియా శాఖ పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఎవరైనా రాష్ట్రంలో 50 శాతం దాటితే మొత్తం 169 మంది డెలిగేట్లూ వాళ్లకే. ట్రంప్ సునాయాసంగా దాటాడు. ఆయన ప్రత్యర్థి నిక్కీ హేలీకి సుమారు 17 శాతం వచ్చినా ఒక్క డెలిగేటూ దక్కలేదు. అవే ఓట్లు డెమోక్రాట్ల లెక్కలో పడి ఉంటే 15 గీత దాటేది, ఎంతో కొంత వాటా వచ్చేది. అందుకే ప్రైమరీ వార్త చూసినప్పుడు ఎవరికి ఎంత శాతం అన్నదానికన్నా ముందు అక్కడ ఏ నియమం ఉందో చూసుకోవాలి.

డెలిగేట్లలో సగం కన్నా ఒక్కరు ఎక్కువ ఉంటే నామినేషన్ ఖాయం. 2024లో రిపబ్లికన్లకు 2,429 మంది, కావాల్సింది 1,215. ఆ లెక్క మార్చిలోనే తేలిపోయింది కాబట్టి జులైలో మిల్వాకీలో జరిగిన కన్వెన్షన్ దాదాపు ఒక తంతే. పూర్వం అలా ఉండేది కాదు. 1924లో న్యూయార్క్‌లో డెమోక్రాట్లు 103 సార్లు ఓటింగ్ జరిపితే గానీ అభ్యర్థి తేలలేదు. 1968లో అదే పార్టీకి చెందిన హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ బరిలోకి దిగకుండానే పార్టీ పెద్దల అండతో టికెట్ తెచ్చుకున్నాడు. దానిమీద వచ్చిన రచ్చతో నియమాలు తిరగరాశారు. 1972 నుంచి ప్రైమరీలదే పైచేయి.

అయినా ఆఖరి ఓటు వేసేది డెలిగేట్లే. 2024 జులై 21న బైడెన్ తప్పుకున్నప్పుడు మళ్లీ ప్రైమరీలు పెట్టలేదు. డెలిగేట్లు ఆన్‌లైన్‌లో ఓటేసి కమలా హారిస్‌ను అభ్యర్థిని చేశారు. ఉపాధ్యక్ష అభ్యర్థి సంగతైతే మరీను. ఆ ఎంపిక అధ్యక్ష అభ్యర్థి ఇష్టం, కన్వెన్షన్ తలూపుతుంది. ట్రంప్ జె.డి. వాన్స్ పేరు ప్రకటించగానే మన టీవీలన్నీ వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరికి పరుగెత్తాయి గానీ, వాన్స్‌ను ఆ పదవికి ఏ ప్రైమరీలోనూ ఎవరూ ఎన్నుకోలేదన్న మాట మాత్రం పెద్దగా వినపడలేదు.

ఇక నవంబర్. ఇక్కడి నుంచి డెలిగేట్లను మరిచిపోండి, ఇప్పుడు లెక్కపెట్టేది ఎలక్టర్లను, అంటే రాష్ట్రాల తరఫున అధ్యక్షుడికి అసలు ఓటు వేసేవాళ్లను. ప్రతినిధుల సభలో ఎన్ని సీట్లుంటే అన్ని, సెనేట్ కోటా కింద ఇంకో రెండు: ఒక రాష్ట్రానికి దక్కే ఎలక్టర్లు అంతమంది. వయోమింగ్‌కు 1+2, మొత్తం 3. కాలిఫోర్నియాకు 52+2, మొత్తం 54. రాజధాని వాషింగ్టన్ డీసీకి 3 కలిపితే దేశం మొత్తానికి 538. గెలవడానికి 270. నలభై ఎనిమిది రాష్ట్రాల్లోనూ, డీసీలోనూ ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఎలక్టర్లందరూ ఆ పార్టీవాళ్లే. మెయిన్, నెబ్రాస్కాల్లో మాత్రం రెండు ఓట్లు రాష్ట్ర విజేతకు, మిగతావి నియోజకవర్గాల వారీగా.

కాగితం తీసుకోండి. 2024లో పోటీ నిజంగా జరిగింది ఏడు రాష్ట్రాల్లో: పెన్సిల్వేనియా 19, నార్త్ కరోలినా 16, జార్జియా 16, మిషిగన్ 15, అరిజోనా 11, విస్కాన్సిన్ 10, నెవాడా 6. మొత్తం 93. ఇవి తీసేస్తే హారిస్ 226, ట్రంప్ 219. ఏడూ ట్రంప్‌కే పోయాయి కాబట్టి 312–226 అయింది. హారిస్‌కు కావాల్సింది 44. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ కూడి చూడండి: సరిగ్గా 44. ఆ మూడు చోట్ల ట్రంప్ ఆధిక్యాలు వరుసగా సుమారు లక్షా 20 వేలు, 80 వేలు, 29 వేలు. దేశం మొత్తంమీద ఆయనకు సుమారు 23 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా, ఈ మూడు రాష్ట్రాలు జారితే అధ్యక్ష పదవి జారేది. 2016లో ఇదే తలకిందులుగా జరిగింది, హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువ వచ్చినా ఓడిపోయింది.

ఆ 226లో ఒకటి నెబ్రాస్కాలోని ఒమాహా నియోజకవర్గం ఇచ్చిన ఓటు. అది లేకపోతే ఆ మూడు రాష్ట్రాలూ గెలిచినా 269 దగ్గర ఆగిపోవాలి. ఈ లెక్క ట్రంప్ పక్షానికి బాగా తెలుసు. 2024 సెప్టెంబర్‌లో నెబ్రాస్కా చట్టం మార్పించాలని గట్టిగా ప్రయత్నించారు. మైక్ మెక్‌డానెల్ అనే రిపబ్లికన్ రాష్ట్ర సెనేటర్ ఒప్పుకోకపోవడంతో అది అక్కడితో ఆగింది. ఒక్క ఓటు కోసం అంత హైరానా ఎందుకో ఈ కాగితం ముందు పెట్టుకుంటే తెలుస్తుంది.

మనవాళ్ల విషయానికొస్తే, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మీ బంధువూ, అట్లాంటా శివార్లలో ఉన్న మీ స్నేహితుడూ వేసేది ఒకే రకం ఓటు. అయితే టెక్సస్‌లో ట్రంప్ ఆధిక్యం 15 లక్షలకు పైనే, జార్జియాలో లక్షా 15 వేలు. ప్రచారం ఫోన్లు ఎవరికి ఎక్కువ వస్తాయో వేరే చెప్పాలా?

ఈసారి సాధన. 2020లో బైడెన్‌కు 306, ట్రంప్‌కు 232. బైడెన్ ఖాతాలోంచి జార్జియా 16, అరిజోనా 11, విస్కాన్సిన్ 10 తీసి ట్రంప్ ఖాతాలో వేయండి. ఆ మూడింటిలోనూ బైడెన్ ఆధిక్యాలన్నీ కలిపినా 43 వేలు దాటవు. వచ్చిన అంకె రాసుకుని, రాజ్యాంగం 12వ సవరణ ప్రకారం ఎవరికీ 270 రానప్పుడు ప్రతినిధుల సభలో రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున వేస్తే ఎన్ని రాష్ట్రాలు కావాలో కూడా పక్కన వేసి ఉంచండి. 1824 ఎన్నికలో జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆ దారిలోనే అధ్యక్షుడయ్యాడు. నాలుగో పాఠం అక్కడి నుంచి.