గండికోటను పైనుంచి ఫొటో తీయాలంటే: డ్రోన్, హెలికాప్టర్ అనుమతులకు దరఖాస్తు విధానం

డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు కనపడగానే ఇక ఏ అనుమతీ అక్కర్లేదనుకుంటారు చాలామంది. ఆ రంగు ఆకాశానికి మాత్రమే వర్తిస్తుంది. కింద ఉన్న కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, కోటలోపల ఊరుంది, అడవి ఉన్నచోట అటవీ శాఖ ఉంది. ఎవరి కాగితం వాళ్ల దగ్గరే తీసుకోవాలి. కోట అనుమతి ఒక్కరోజులో చేతికొచ్చేది కాదు కాబట్టి దాంతోనే మొదలుపెట్టండి.

ఆ దరఖాస్తు పురావస్తు శాఖ అమరావతి సర్కిల్ సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్టుకు వెళ్లాలి. ఏ కట్టడం, ఏ తేదీ, ఎన్ని గంటలు, ఎంతమంది, ఏ పరికరాలు, ఆ చిత్రాలు దేనికి అన్నవి రాయాలి. "గండికోట షూటింగ్" అని ఒక్క ముక్క రాస్తే వివరాలు అడుగుతూ తిరిగొస్తుంది. మాధవరాయ ఆలయమా, జామా మసీదా, ధాన్యాగారమా, లోయ అంచా అన్నది విడిగా చెప్పండి. డ్రోన్ వాడుతున్నట్టు స్పష్టంగా రాయండి. మామూలు కెమెరాకు ఇచ్చిన అనుమతి చూపించి డ్రోన్ ఎగరేస్తే కుదరదు.

ఇక డ్రోన్ సంగతి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం ప్రతి డ్రోన్‌కు యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఉండాలి. దానికి పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) వారి ఈజీసీఏ పోర్టల్‌లో డీ-2 ఫారం నింపాలి, రుసుము 100 రూపాయలు. డ్రోన్ సీరియల్ నంబరు, లోపలి ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూల్ నంబరు, చేతిలో పట్టుకునే రిమోట్ నంబరు మూడూ వేర్వేరు. రెండోదాని గడిలో మూడోది రాయడం తరచూ జరిగే పొరపాటు. మరమ్మతులో మాడ్యూల్‌గానీ రిమోట్‌గానీ మారిస్తే 7 రోజుల్లోపు, అంతకుముందే ఎగరేయాలనుకుంటే ఎగరేసేలోపే, నమోదు సవరించాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్ ప్రమాణాలకు సరిపోతుందన్న ధ్రువపత్రం, ఉందో లేదో కొనేముందే చూసుకోండి. విదేశాల నుంచి తెప్పించుకున్నవి చాలావరకు ఆగిపోయేది ఇక్కడే. 250 గ్రాములు దాటితే థర్డ్ పార్టీ బీమా కూడా తప్పనిసరి.

2 కిలోల లోపు డ్రోన్‌ను సొంత సరదాకు ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పెళ్లి షూటింగుకు డబ్బు తీసుకుంటే అది వ్యాపారమే. అప్పుడు 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ కావాలి. వయసు 18 నుంచి 65 మధ్య ఉండి, పదో తరగతి పాసై, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. సర్టిఫికెట్ 10 ఏళ్లు చెల్లుతుంది.

గండికోటలో అందరూ తప్పేది ఎత్తు దగ్గర. గ్రీన్ జోన్‌లో, అంటే మ్యాప్‌లో ఆకుపచ్చగా ఉన్నచోట, పరిమితి నేల నుంచి 400 అడుగులు. రిమోట్ తెరమీద కనపడేది మాత్రం లేచిన చోటు నుంచి ఎత్తు. లోయ సుమారు 300 అడుగుల లోతు. అంచు మీద నుంచి లేపి, తెరమీద 350 చూస్తూ పెన్నా మీదికి తీసుకెళ్తే, నేల నుంచి 650 అడుగుల్లో ఉన్నట్టు. అంచు నుంచి 100 అడుగులకే ఆగాలి. ఏటి ఒడ్డు నుంచి లేపేవాళ్లకు ఇంకో ప్రమాదం: రిటర్న్ టు హోమ్ (డ్రోన్ తనంతట తానే లేచిన చోటికి తిరిగొచ్చే ఏర్పాటు) ఎత్తు 100 అడుగులకే పెట్టి ఉంటే, సిగ్నల్ తెగగానే అది నేరుగా వచ్చి కొండరాయికి కొట్టుకుంటుంది. దాన్ని అంచుకంటే ఎత్తుకు, 400కు లోపల పెట్టండి.

గండికోట దాటి కడప వైపు కూడా తీయాలనుకుంటే, కడప విమానాశ్రయం సరిహద్దు నుంచి 5 నుంచి 8 కిలోమీటర్లలో ముందస్తు అనుమతి కావాలి. 8 నుంచి 12లో అనుమతి లేకుండా 200 అడుగులు దాటకూడదు.

శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలో తీయాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తీసుకోవాలి. కలివికోడి అనే అరుదైన పక్షి ఉన్న నేల అది. అక్కడ డ్రోన్ లేకుండా తీయడమే మేలు.

హెలికాప్టర్ దారి పూర్తిగా వేరు. ఎగిరే విమానం నుంచి ఫొటో తీయడానికి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ 1937, 13వ నిబంధన ప్రకారం డీజీసీఏ లిఖిత అనుమతి ఉండాలి. హెలికాప్టర్ బాడుగకు ఇచ్చే సంస్థకు పర్మిట్ ఉందో చూసుకుని, ప్రాంతం అక్షాంశ రేఖాంశాలు, తేదీలు, కెమెరామన్ గుర్తింపు వివరాలు వాళ్ల ద్వారా సిద్ధం చేయించండి. బాడుగ అడ్వాన్సు అనుమతి చేతికొచ్చాకే కట్టండి.

ఎగరేసే రోజు పొద్దున్నే మ్యాప్ మళ్లీ చూడండి. ఎస్పీ స్థాయి అధికారి ఒక ప్రాంతాన్ని ఒక్కో విడత 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా (డ్రోన్లకు నిషేధ ప్రాంతంగా) ప్రకటించవచ్చు. కోటలోని ఇళ్లు, గొర్రెల దొడ్లు చిత్రంలోకి వస్తుంటే ఆ ఇంటివాళ్లను ముందే అడగండి.