బెంగళూరులో బార్ పెట్టాలంటే: ఏ పని ముందు, ఏ షరతులు ఎప్పుడు?

మారతహళ్ళిలోనో బెళ్ళందూరులోనో ఆంధ్ర భోజనం హోటలు నాలుగేళ్ళు బాగా నడిచిందంటే, యజమానికి ఆ తర్వాత వచ్చే ఆలోచన దాదాపు ఒకటే: పై అంతస్తులో ఒక బార్. అక్కడి నుంచి పనులన్నీ చకచకా జరిగిపోతాయి. భవనం యజమానికి అడ్వాన్సు ముడుతుంది, వడ్రంగులు దిగుతారు, గాజు అల్మరాలకు కొలతలు తీస్తారు. లైసెన్సు సంగతి చివరికి గుర్తొస్తుంది. ఈ వరుసే తలకిందులు. మద్యం లైసెన్సు ఫలానా మనిషి, ఫలానా హద్దుల మధ్య, ఫలానా పద్ధతిలో అమ్ముకోవడానికి ఇచ్చే అనుమతి. ఈ మూడింటిలో ఏది మారినా అది చెల్లని కాగితమే. అందుకని చోటు ఖాయం చేసుకోకముందే చూసుకోవలసినవే ఈ పనిలో ఎక్కువ.

ఇంకొక సంగతి మనసులో పెట్టుకోండి. మద్యం వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని 1994 అక్టోబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ కేసు కూడా కర్ణాటకదే: ఖోడే డిస్టిలరీస్ వర్సెస్ కర్ణాటక ప్రభుత్వం. కాబట్టి ‘షరతులన్నీ పూర్తి చేశాను, ఇవ్వక చస్తారా’ అనే ధీమా ఇక్కడ కుదరదు.

1. ముందు ఏ లైసెన్సో తేల్చుకోండి

కర్ణాటకలో మద్యం అమ్మకాలకు 1965 నాటి ఎక్సైజ్ చట్టం, దాని కింద 1967, 1968లలో వచ్చిన నియమాలు ఆధారం. లైసెన్సులను సీఎల్ అంకెలతో పిలుస్తారు. సీఎల్-2 అంటే మద్యం దుకాణం. అక్కడ సీలు తీయని సీసాలే అమ్మాలి, కొన్నవాళ్ళు అక్కడే తాగకూడదు. హైదరాబాదులో వైన్‌షాపు పక్కనే పర్మిట్ రూమ్ చూసిన అలవాటుతో ఇక్కడ దుకాణం వెనుక నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే నేరుగా ఉల్లంఘన కిందికి వస్తుంది.

కూర్చోబెట్టి పోయడానికి కావలసింది సీఎల్-9, అంటే బార్ అండ్ రెస్టారెంట్. సీఎల్-7 గదులున్న లాడ్జీలకు ఇస్తారు. బెంగళూరు లాంటి పెద్ద నగరంలో దానికి కనీసం 30 డబుల్ రూములు ఉండాలి. సీఎల్-4 క్లబ్బులకు, సీఎల్-6ఏ స్టార్ హోటళ్ళకు. తన బీరు తానే తయారుచేసి పోసే మైక్రోబ్రూవరీకి లైసెన్సు వేరే ఉంది. భోజన హోటలు యజమాని దృష్టి సహజంగా సీఎల్-9 మీద పడుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది.

2. లైసెన్సు ఎక్కడి నుంచి వస్తుంది?

తెలంగాణలో దుకాణాలను రెండేళ్ళకోసారి లాటరీ తీసి కేటాయిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2024 అక్టోబరులో లాటరీతోనే ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాయి. కర్ణాటక దారి వేరు. సీఎల్-2, సీఎల్-9 రకాల్లో కొత్తవి ఇవ్వడం 1990ల తొలినాళ్ళలోనే ఆగిపోయింది. కేటాయించకుండా మిగిలినవాటిని ఈ-వేలం వేస్తామని ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో ప్రకటించింది. ఆ వేలం సంగతి అలా ఉంచితే, ఇన్నేళ్ళుగా అందరూ చేస్తున్నది పాత లైసెన్సును బదిలీ చేయించుకోవడమే. 1968 నియమాల్లోని 17-బి కింద, రుసుము కట్టి, అధికారుల అనుమతితో ఒకరి పేరు నుంచి మరొకరి పేరుకు మార్పించుకోవచ్చు. బజారులో దానికి పలికే ధర చాలా ఎక్కువ.

ఆ ధర వినగానే మధ్యవర్తి ఇంకో మాట చెవిన వేస్తాడు. ‘కొనడం ఎందుకండీ, లీజుకు తీసుకోండి. పేరు ఆయనదే ఉంటుంది, వ్యాపారం మీది. నెలనెలా ఇంత ఇస్తే చాలు. బెంగళూరులో సగం మంది ఇలాగే నడుపుతున్నారు.’ సగం మందో కాదో గానీ, చాలామంది అలా నడుపుతున్న మాట నిజం. అయినా అనుమతి లేకుండా లైసెన్సును మరొకరికి అప్పగించడం నియమాలకు విరుద్ధం. తనిఖీకి వచ్చినప్పుడు లైసెన్సుదారు ఎక్కడో ఉంటాడు, గల్లాపెట్టె దగ్గర మీరుంటారు. ఆయనకు డబ్బు అవసరమై రేపు మరొకరికి ఇస్తానంటే మీరు పెట్టిన ఫర్నిచరు, వంటగది, పేరు అన్నీ గాలిలో దీపాలు. న్యాయస్థానానికి వెళ్దామా అంటే, చట్టం నిషేధించిన పనికోసం చేసుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను ప్రకారం చెల్లదు. యాభై రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నా, అయిదువందల రూపాయల కాగితం మీద రాసుకున్నా తేడా లేదు. ఈ ఒక్క చోట బేరానికి లొంగకండి. కొనలేకపోతే ఆగండి.

బదిలీకి ఒప్పుకునే ముందు ఆ లైసెన్సు మీద పాత కేసులు, కట్టని జరిమానాలు, కుటుంబ తగాదాలు, బ్యాంకు జప్తు ఏమైనా ఉన్నాయేమో న్యాయవాది చేత చూపించుకోండి. తండ్రి పేరున ఉన్నదాన్ని కొడుకుల్లో ఒకడే అమ్మకానికి పెట్టడం ఈ ఊళ్ళో అరుదైన సంగతేమీ కాదు.

3. టేపు పట్టుకుని వీధిలోకి వెళ్ళండి

అడ్వాన్సు ఇవ్వకముందే చేయవలసిన పని ఇది. గుడి, మసీదు, చర్చి వంటి మత సంస్థలకు, బడులకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ కార్యాలయాలకు 100 మీటర్ల లోపు మద్యం అమ్మే చోటు ఉండకూడదన్నది 1967 సాధారణ షరతుల నియమం. కొలత గాలిలో గీసిన సరళరేఖ కాదు. మీ ద్వారం మధ్య బిందువు నుంచి మొదలుపెట్టి, మనిషి మామూలుగా నడిచి వెళ్ళే దగ్గరి దారి వెంట, అవతలి సంస్థ ప్రహరీ గేటు మధ్య వరకు కొలుస్తారు. ప్రహరీ లేకపోతే భవనం ద్వారం వరకు.

దీని అర్థం చోటు చూస్తేనే తెలుస్తుంది. మ్యాపులో బడి మీ వెనుక వీధిలో, గోడకు గోడ ఆనుకుని కనిపిస్తుంది. కానీ దాని గేటు అవతలి వీధిలో ఉంది, చుట్టూ తిరిగి వెళ్తే 140 మీటర్లు వస్తుంది. అప్పుడు చిక్కు లేదు. మరో చోట బడి 120 మీటర్ల దూరాన ఉందనుకుంటారు. తీరా చూస్తే రెండు భవనాల మధ్య సన్నని సందు ఉంటుంది, పిల్లలు రోజూ అందులోంచే నడుస్తారు. ఆ సందులోంచి కొలిస్తే 85. మీరు కారులో వెళ్ళి చూస్తే ఆ సందు కంటపడదు. నడవండి. ఉదయం బడి వేళలో ఒకసారి, సాయంత్రం ఒకసారి నడవండి. పిల్లలు ఎటు నుంచి వస్తున్నారో అదే ‘మామూలుగా నడిచే దారి’.

రహదారి సంగతి కూడా ఇక్కడే. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకాలు వద్దన్నది. దాని దెబ్బకు 2017 జూలైలో ఎం.జి. రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు, ఇందిరానగర్ ప్రాంతాల బార్లు మూతపడ్డాయి. నగరం నడిబొడ్డున ఉన్న ఆ వీధులు కాగితాల్లో రహదారులని అప్పుడు చాలామందికి తెలిసింది. అదే నెలలో పురపాలక పరిధిలోని లైసెన్సులకు ఆ తీర్పు అడ్డు కాదని కోర్టు వివరణ ఇచ్చింది. ఊరి శివార్లలో, కార్పొరేషన్ సరిహద్దు దాటి చోటు చూసుకునేవారు మాత్రం ఈ లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి.

4. భవనం కాగితాలు

ఇది విసుగు పుట్టించే భాగం, కానీ ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే నిలిచిపోతాయి. అద్దె ఒప్పందం, ఖాతా (ఆస్తి పన్ను కోసం భవనం కార్పొరేషన్ లెక్కల్లోకి ఎక్కిన పత్రం), మంజూరైన నక్షా, కట్టడం నక్షా ప్రకారమే ఉందని, వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. చివరిది లేని భవనాలు బెంగళూరులో వీధికి పది. సర్టిఫికెట్ లేని కట్టడంలో వ్యాపార లైసెన్సులు ఇవ్వవద్దని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాక, ‘తర్వాత చూసుకుందాం’ అనే భవనం యజమాని మాటకు విలువ లేదు. మాస్టర్ ప్లాన్‌లో ఆ వీధి నివాస ప్రాంతమా, వాణిజ్య ప్రాంతమా అనేదీ చూడాలి. 2025 సెప్టెంబరు నుంచి పాత మహానగర పాలికె స్థానంలో అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. ట్రేడ్ లైసెన్సుకు మీ వార్డు ఏ కార్పొరేషన్‌లో పడిందో ముందు కనుక్కోండి.

ఆహార భద్రత లైసెన్సు మద్యానికీ వర్తిస్తుంది. అగ్నిమాపక అనుమతిని లంచంతో దాటేయవలసిన గడపగా చూసేవారికి ఒక్క సంగతి: 2018 జనవరిలో కలాసిపాళ్య దగ్గర ఒక బార్ తెల్లవారుజామున అంటుకుని, లోపల నిద్రపోతున్న అయిదుగురు పనివాళ్ళు చనిపోయారు. పనివాళ్ళకు పడక వేరే చోట చూడండి. రెండో ద్వారానికి తాళం వేయకండి.

5. దరఖాస్తు, హద్దుల నక్షా

కర్ణాటకలో డిప్యూటీ కమిషనర్ అంటే మన కలెక్టరు. ఎక్సైజ్ శాఖకూ వేరే డిప్యూటీ కమిషనర్లు ఉన్నారు. పేరు ఒకటే కావడంతో కొత్తవాళ్ళు ఒక కార్యాలయానికి బదులు మరొకదాని ముందు నిలబడుతుంటారు. మీ ప్రాంతం చూసే ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరు దగ్గర మొదలుపెట్టడం మేలు. చోటు చూసి నివేదిక రాసేది ఆయనే.

దరఖాస్తుతో ఇచ్చే నక్షాలో కౌంటరు, నిల్వగది, కూర్చునే చోటు, ద్వారాలు అన్నీ గీసి ఉండాలి. ఆ గీతల లోపలే అమ్మకం. డాబా మీద సాయంత్రం గాలికి నాలుగు బల్లలు వేయాలని ఉంటే డాబాను కూడా నక్షాలో చూపించి అనుమతి తీసుకోండి. గీత దాటిన బల్ల మీద పోసిన పెగ్గు, లైసెన్సు లేకుండా అమ్మినట్టే లెక్క. ఇంటికి పంపడానికీ ఈ లైసెన్సు పనికిరాదు.

6. తలుపు తెరిచాక

సరుకు రాష్ట్ర పానీయాల సంస్థ కేఎస్‌బీసీఎల్ డిపో నుంచి మాత్రమే కొనాలి. 2003 నుంచి టోకు అమ్మకం దాని చేతిలోనే ఉంది. ప్రతి సీసా మీదా ఎక్సైజ్ లేబులు ఉండాలి. గోవా నుంచి స్నేహితుడు తెచ్చిన సీసా మీ అల్మరాలో దొరికితే అది బహుమతి అని చెప్పినా ఎవరూ వినరు. సరుకు లెక్కల పుస్తకం రోజూ రాయండి. ఖాళీ సీసాలు, సగం సీసాలు ఆ పుస్తకంతో సరిపోవాలి. పెగ్గు కొలిచే 30, 60 మిల్లీలీటర్ల కొలపాత్రకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, భోజనం ఉంది. బిల్లులో రెండూ కలపకండి.

వేళలు: నగర పరిధిలో బార్లకు 2024 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం ఉదయం 10 నుంచి రాత్రి 1 గంట వరకు. సీఎల్-2 దుకాణాలు రాత్రి 10:30కే మూసేయాలి. ఒంటిగంటకు మూయడమంటే ఒంటిగంటకు చివరి ఆర్డరు తీసుకోవడం కాదు. పన్నెండున్నరకే వంటగది ఆపేస్తే పని సులువు.

వయసు దగ్గర చాలామంది తడబడతారు. చట్టంలో 18 ఉంది, సాధారణ షరతుల నియమాల్లో 21 ఉంది. దాన్ని 18కి తగ్గించాలని 2023లో ముసాయిదా తెచ్చి, విమర్శలు రాగానే వెనక్కి తీసుకున్నారు. కాబట్టి లైసెన్సుదారు పాటించవలసింది 21. ఇంజినీరింగ్ మూడో ఏడాది కుర్రాళ్ళు ఆధార్ చూపించి ‘పద్ధెనిమిది దాటిందన్నా’ అని వాదిస్తారు, అందులోనూ మన వాళ్ళే ఎక్కువ. దాటినా పోయకూడదు. 18 లోపు వారికి పోస్తే విషయం ఎక్సైజ్ శాఖతో పోదు. 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. 18 లోపు పిల్లవాడి చేత మద్యం అమ్మించినా, మోయించినా అదే శిక్ష. ఊరి నుంచి వచ్చిన బంధువుల అబ్బాయిని ‘గ్లాసులు అందిస్తాడులే’ అని పెట్టుకోకండి.

గాంధీ జయంతి నాడు మూత. ఎన్నికలప్పుడు పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు మూత, ఇది ప్రజాప్రాతినిధ్య చట్టం 135-సి సెక్షను. వినాయక నిమజ్జనాల వేళ మీ పోలీసు స్టేషను పరిధికి మాత్రమే ఉత్తర్వు రావచ్చు. అది పత్రికలో రాకపోవచ్చు కూడా, స్టేషనులో అడిగి తెలుసుకోవాలి.

పాటగాళ్ళను కూర్చోబెట్టి కచేరీ పెడితే 2005 నాటి బెంగళూరు వినోద స్థలాల ఉత్తర్వు కింద పోలీసు లైసెన్సు వేరే కావాలి. ఆ ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. బయటి లౌడ్‌స్పీకర్లు రాత్రి 10కి ఆపాలి. ఇందిరానగర్ నివాసులు ఈ విషయంలో ఎంత పట్టుదలగా ఫిర్యాదులు చేస్తారో అక్కడ బార్ నడిపినవారిని అడగండి. హుక్కా ఆలోచన ఉంటే మానుకోండి, 2024 ఫిబ్రవరి నుంచి రాష్ట్రమంతటా నిషేధం.

బార్ కాదు, పెళ్ళి రిసెప్షనులోనో కంపెనీ విందులోనో ఒక్క పూట పోయాలనుకుంటే సీఎల్-5 అనే తాత్కాలిక లైసెన్సు ఉంది. కల్యాణ మండపం వారి అంగీకార పత్రం జతచేసి ముందే దరఖాస్తు చేయాలి. మండపం మేనేజరు ‘మేం చూసుకుంటాం’ అంటే, లైసెన్సు కాగితం చేతికిచ్చాకే నమ్మండి.

7. జూన్ నెల

కర్ణాటకలో ఎక్సైజ్ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. మార్చి ముగింపుకు అలవాటుపడిన అకౌంటెంటు దీన్ని మరిచిపోగలడు. ఏటా లైసెన్సు పునరుద్ధరణకు కట్టే రుసుము మీరున్న ఊరి జనాభాను బట్టి ఉంటుంది. పెద్ద నగరం కాబట్టి పెద్ద మొత్తమే, మే నెలలోనే పక్కన పెట్టండి. భాగస్వాముల్లో ఒకరు తప్పుకున్నా, కొత్తవారు చేరినా, వంటగది గోడ జరిపినా పునరుద్ధరణకు ముందే అనుమతి తీసుకుని కాగితాల్లోకి ఎక్కించండి. జూలై 1 ఉదయానికి కొత్త లైసెన్సు చేతిలో లేకపోతే ఆ రోజు షట్టరు ఎత్తకండి.