అక్వేరియంలో నాచు తినే చేపలను పెంచడం ఎలా?

అద్దాలకు పచ్చగా నాచు పట్టగానే చాలామంది చేసే పని, ఒక సక్కర్ ఫిష్‌ని తెచ్చి ట్యాంకులో వదిలేయడం. మిగతాది అదే చూసుకుంటుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ దానికీ తిండి, చోటు కావాలి. పైగా అది వదిలే వ్యర్థాలు కూడా నాచుకు ఎరువే. అందుకే చేప కొనే ముందు చేయాల్సిన పని కొంత ఉంది.

మొదటి మెట్టు: నాచు ఎందుకు పడుతోందో చూడండి

లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. మనకు గుర్తుండదు కాబట్టి టైమర్ పెట్టుకోవడం మేలు. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే ట్యాంకును పక్కకు జరపండి. చేపలు రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేయండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి.

ఏ రకం నాచో కూడా చూసుకోవాలి. కొత్త ట్యాంకుల్లో గోధుమ రంగు దుమ్ములా పట్టేది డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు జీవుల పొర. కొన్ని వారాల్లో చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. నీళ్లే పచ్చగా మారితే ఈ చేపలేవీ పనికిరావు, ఎందుకంటే ఆ నాచు కంటికి కనపడనంత చిన్న కణాలుగా నీళ్లలో తేలుతుంటుంది. నీలి ఆకుపచ్చ రంగులో, వాసనతో, పొరలా ఊడివచ్చేది నిజానికి నాచు కాదు, సయానోబ్యాక్టీరియా. దాన్ని చేపలు వదిలిస్తాయని ఆశ పెట్టుకోవద్దు.

రెండో మెట్టు: ట్యాంకును కుదురుకోనివ్వండి

చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు తేవాలి. ఓటోసింక్లస్ అనే చిన్న నాచు తినే చేప లాంటి సున్నితమైన వాటికైతే ఇంకో రెండు నెలలు ఆగండి. అప్పటికి రాళ్ల మీద, ఆకుల మీద అవి గీరుకు తినడానికి పలచని పొర తయారై ఉంటుంది.

మూడో మెట్టు: ట్యాంకుకు తగ్గ చేపను ఎంచుకోండి

తప్పులన్నీ జరిగేది ఇక్కడే. సక్కర్ ఫిష్ పేరుతో అమ్మే కామన్ ప్లెకో కొనేటప్పుడు వేలెడంత ఉంటుంది. పెరిగాక 30 సెంటీమీటర్లు దాటుతుంది. ఇంట్లో ఉండే మామూలు ట్యాంకుకు దాన్ని తేకపోవడమే మంచిది.

దాని బదులు బ్రిసిల్‌నోజ్ ప్లెకో తెచ్చుకోండి. దాదాపు 12 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మగదానికి ముక్కు మీద మీసాల్లాంటి కొమ్మలు మొలుస్తాయి. చూడ్డానికి అందగాడేం కాదు గానీ, పని బాగా చేస్తుంది. 100 లీటర్ల ట్యాంకు, గీరుకోవడానికి ఒక డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో వేసే కొయ్య) ముక్క, పగలు దాక్కోవడానికి గుహలాంటి చోటు ఉంటే చాలు. రెండు మగవాటిని కలిపి పెట్టకండి, చోటు కోసం కొట్టుకుంటాయి.

టెట్రాలు, గప్పీలు ఉన్న చిన్న ట్యాంకుకు ఓటోసింక్లస్ సరైన జోడీ. నాలుగు సెంటీమీటర్ల చేప, ఆకుల్ని పాడుచేయదు. ఒంటరిగా ఉంటే బెదిరిపోతుంది కాబట్టి కనీసం ఆరింటిని తీసుకోండి.

కుచ్చులా పట్టే నల్ల నాచు పీడిస్తుంటే సయామీస్ ఆల్గే ఈటర్ చూడండి. ఇది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఎగిరి దూకుతుంది, మూత తప్పనిసరి. దీని ఒంటిమీది నల్ల చార తోక చివరిదాకా సాగుతుంది. చైనీస్ ఆల్గే ఈటర్‌ని ఇదేననుకుని కొంటే చిక్కే. అది పెద్దయ్యాక మిగతా చేపల్ని తరుముతుంది, ఏంజెల్ లాంటి వెడల్పు చేపలకు అతుక్కుని ఒంటిమీది జిగురును పీలుస్తుంది.

నాలుగో మెట్టు: కొనేటప్పుడు పొట్ట చూడండి

పొట్ట లోపలికి పోయిన చేపను, ఎంత చురుగ్గా ఉన్నా, తీసుకోవద్దు. ఓటోసింక్లస్‌లు చాలావరకు నదుల్లో పట్టి తెచ్చినవే. దుకాణానికి చేరేసరికే ఆకలితో నీరసించి ఉంటాయి. ఇంటికి తెచ్చాక సంచిని 15 నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, తర్వాత గంటసేపు కొద్దికొద్దిగా ట్యాంకు నీళ్లు సంచిలో కలపండి. వేరే ట్యాంకు ఉంటే మూడు వారాలు విడిగా ఉంచడం ఇంకా మంచిది.

ఐదో మెట్టు: మేత పెట్టండి

అద్దాలు శుభ్రపడ్డాయని సంబరపడే సమయానికే ఈ చేపలకు పస్తులు మొదలవుతాయి. కొద్దిగా ఉడికించిన దోసకాయ లేదా పాలకూరను రాయికి కట్టి, లైటు ఆర్పాక వేయండి. ప్లెకోలు రాత్రిళ్లే తిరుగుతాయి. వారానికి రెండు మూడుసార్లు ఆల్గే వేఫర్ (నాచు తినే చేపల కోసం అమ్మే మేత బిళ్ల) కూడా వేయవచ్చు. మిగిలిన ముక్కల్ని మర్నాటికల్లా తీసేయండి, లేకపోతే నీళ్లు పాడవుతాయి. సయామీస్ ఆల్గే ఈటర్‌కి మాత్రం ఎక్కువ మేత వేయకండి. తేరగా దొరికే ఫ్లేక్స్ (రేకుల్లాంటి మేత) రుచి మరిగితే నాచు వైపు చూడదు.

ప్లెకోను వలతో పట్టకండి. రెక్కల ముళ్లు వలలో చిక్కుకుంటాయి, విడిపించేలోపు చేపకు గాయమవుతుంది. డబ్బాలోకి తోలడం సులువు. ట్యాంకుకు మించి పెరిగితే పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి, చెరువులోనో కాలవలోనో వదలకండి. అలా వదిలిన ప్లెకోలు చాలా దేశాల్లో స్థానిక చేపలకు బెడదగా మారాయి.