ప్రాక్టికల్ పిస్టల్ కొత్తగా మొదలుపెట్టారా? తొలి మ్యాచ్‌లలో వచ్చే తిప్పలు, అసలు కారణాలు, సరిచేసే దారులు

టెక్సాస్‌లో మా ఇంటికి ముప్పావుగంట దూరంలో ఉన్న రేంజ్‌లో నెలకోసారి ఆదివారం పొద్దున్నే ప్రాక్టికల్ పిస్టల్ మ్యాచ్ జరుగుతుంది. అక్కడ కొత్తవాళ్ల స్క్వాడ్‌కు (జట్టుకు) రేంజ్ ఆఫీసర్‌గా, అంటే ఆట నడిపిస్తూ భద్రత చూసే మనిషిగా ఉంటాను. ఈమధ్య మన తెలుగువాళ్లు కూడా ఒక్కొక్కరే వస్తున్నారు. మొదటి మ్యాచ్ అయ్యాక వాళ్లు అడిగే మాట దాదాపు ఒకటే: "అన్నా, గన్ మార్చేయమంటారా?" నా జవాబు కూడా దాదాపు ఒకటే: వద్దు. కాగితం మీద రంధ్రం ఎక్కడ పడిందో చూసి గన్‌ను తిట్టుకుంటాం గానీ, కారణం ఎడమ చేతి పట్టులోనో, తూటాలు నింపే మ్యాగజైన్‌లోనో, బజర్‌కు ముందు చేయని ఆలోచనలోనో ఉంటుంది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. 1976లో మిస్సౌరీ రాష్ట్రంలోని కొలంబియాలో జరిగిన సమావేశంలో ఐపీఎస్‌సీ (ఇంటర్నేషనల్ ప్రాక్టికల్ షూటింగ్ కాన్ఫెడరేషన్) పుట్టింది. పిస్టల్ శిక్షకుడు జెఫ్ కూపర్ దాని తొలి అధ్యక్షుడు. గురి, బలం, వేగం మూడూ కలిసి ఉండాలన్నది దాని సూత్రం. అమెరికాలో ఆ ఆటను నడిపేది యూఎస్‌పీఎస్‌ఏ (యునైటెడ్ స్టేట్స్ ప్రాక్టికల్ షూటింగ్ అసోసియేషన్). మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పారిస్ ఒలింపిక్స్‌లో ఒంటి చేత్తో, కదలకుండా నిలబడి గురిపెట్టింది కదా, ఇది అలాంటిది కాదు. ఇక్కడ రెండు చేతులతో పట్టుకుని, గోడల పక్క నుంచి, కిటికీల్లోంచి కాలుస్తూ కదులుతూ ఉండాలి. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే వచ్చేదే మీ స్కోరు. దాన్ని హిట్ ఫ్యాక్టర్ అంటారు.

సమస్య: "హెచ్‌-1బి మీద ఉన్నాను, ఫ్రెండ్ గన్‌తో ఒకసారి ఆడనా?"

అన్నిటికంటే ముందు ఇదే తేల్చుకోవాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1, ఎల్‌-1 అన్నీ ఇందులోకి వస్తాయి. సొంతానికి కొనడమే కాదు, రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకుని చేతిలో పట్టుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడమే. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉండటం వాటిలో ఒకటి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. అయితే రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. కౌంటర్ దగ్గర కుర్రాడు "ఏం పర్లేదు" అన్నాడని ముందుకు వెళ్లకండి. ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్కసారి అడగండి. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది మ్యాచ్ కాదు, ఏళ్ల తరబడి కట్టుకున్న బతుకు. అప్పటిదాకా మ్యాచ్ చూడటానికి రండి. స్క్వాడ్‌తో నడవండి, టార్గెట్ల మీద పడ్డ రంధ్రాలకు టేప్ అంటించండి. చూస్తేనే ఆట సగం అర్థమవుతుంది.

సమస్య: తూటాలన్నీ కిందకు, ఎడమకు పడుతున్నాయి

కుడిచేతి వాటం వాళ్లలో పదిమందికి ఎనిమిది మంది ఈ ఫిర్యాదుతోనే వస్తారు. ఎడమచేతి వాటమైతే కిందకు, కుడికి పడతాయి. వెంటనే గన్ మీద గురిచూసే సైట్‌ను తిప్పి సరిచేయబోతారు. దయచేసి ఆగండి.

ముందు ఒక పరీక్ష. మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య రెండు మూడు డమ్మీ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలపమని స్నేహితుడికి ఇవ్వండి. ఏది ఎప్పుడు వస్తుందో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగర్ నొక్కగానే గన్ ముక్కు కిందకు కుంగిందా? అయితే గన్ తప్పేమీ లేదు. చప్పుడు వస్తుందని ఒళ్లు ముందే బెదిరి గన్‌ను కిందకు తోస్తోంది. దీన్ని ఫ్లించ్ అంటారు. పెద్ద చప్పుడుకు ఉలికిపడటం మనిషికి సహజం కాబట్టి ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. దాన్ని పోగొట్టుకోవడానికి ఓపిక కావాలి, అంతే.

రెండో కారణం, ట్రిగర్ నొక్కేటప్పుడు చూపుడువేలితో పాటు మిగతా మూడు వేళ్లూ బిగుసుకోవడం. నిమ్మకాయ పిండినట్టు చెయ్యంతా ముడుచుకుంటుంది. గన్ ఎడమకు తిరిగేది అందుకే.

సరిచేయడం ఎడమ చేతితో మొదలవుతుంది. కుడి చేయి గన్‌ను పట్టుకుంటే చాలు, బిగించే పని ఎడమ చేతిది. ఎడమ అరచేయి పిడి మీద ఖాళీగా ఉన్న చోటును పూర్తిగా కప్పాలి. నాలుగు వేళ్లూ ట్రిగర్ గార్డు కింద గట్టిగా ఆనుకోవాలి. కుడి చేతి బిగువు తగ్గితే చూపుడువేలు విడిగా, మెత్తగా కదులుతుంది. నా దగ్గరికి వచ్చినవారిలో ఈ ఒక్క మార్పుతోనే ఆ మధ్యాహ్నానికి తూటాలు టార్గెట్ మధ్యలో పడేలా చేసుకున్నవారు చాలామంది ఉన్నారు.

మిగతాది ఇంట్లో డ్రై ఫైర్, అంటే ఖాళీ గన్‌తో ట్రిగర్ నొక్కే సాధన. రోజూ పదిహేను నిమిషాలు చాలు. దీనికి ఒక నియమం ఉంది, ఇందులో రాజీ లేదు. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. గన్ ఖాళీగా ఉందని కళ్లతో చూడండి, వేలితో తడిమి చూడండి, మ్యాగజైన్లు కూడా చూడండి. తూటాను ఆపగలిగే గోడ వైపే గురిపెట్టండి. ఆ గోడ అవతల పిల్లల పడకగది ఉంటే ఆ గది వద్దు. మధ్యలో ఫోన్ వచ్చి బయటకు వెళ్తే, తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి చూసుకోండి.

సమస్య: గన్ పైకెత్తాక రెడ్ డాట్ కనబడదు

రెడ్ డాట్ అంటే గన్ మీద బిగించిన చిన్న అద్దంలో గురికోసం కనిపించే ఎర్ర చుక్క. డాట్ అద్దంలోనే ఉంటుంది, గన్ వంకరగా వచ్చింది కాబట్టి మీ కంటికి అందదు. దాన్ని వెతుకుతూ మణికట్టు తిప్పడం మొదలుపెడితే సెకను పోయినట్టే. కళ్లు టార్గెట్ మీద ఒక చిన్న చోట నిలిపి ఉంచండి, రెండు కళ్లూ తెరిచే ఉండనివ్వండి, గన్‌ను ఆ చూపు దారిలోకి తీసుకురండి. ఇంట్లో కళ్లు మూసుకుని గన్ ఎత్తి, తర్వాత తెరిచి చూడండి. డాట్ ఎప్పుడూ పైనే తప్పిపోతుంటే గన్ ముక్కు లేచి వస్తోందని అర్థం. ఓ రెండు వారాలు ఇలా చేస్తే చేతులకు దారి తెలిసిపోతుంది.

మొన్నటిదాకా బాగున్న గురి ఒక్కసారిగా చెదిరితే మాత్రం ముందు స్క్రూలు చూడండి. డాట్‌ను బిగించిన స్క్రూలు వదులవడం మామూలే. స్క్రూ మరకు థ్రెడ్ లాకర్ అనే జిగురు రాసి, తయారీదారు చెప్పినంత బిగువుతో బిగించండి. స్క్రూ తల మీద నుంచి పక్కకు పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. ఆ గీత విరిగి కనిపిస్తే స్క్రూ తిరిగిందన్నమాట. బ్యాటరీ ఏటా పుట్టినరోజుకు మార్చేయండి.

సమస్య: గన్ మధ్యలో ఆగిపోతోంది

ఇక్కడ మొదట అనుమానించాల్సింది మ్యాగజైన్‌ను. మ్యాచ్‌లో ఖాళీ మ్యాగజైన్ ఇసుకలో, బురదలో పడుతుంది. దాన్ని దులిపి మళ్లీ నింపుతాం. లోపల మట్టి చేరితే స్ప్రింగ్ తూటాను సమయానికి పైకి తోయలేదు. మ్యాగజైన్లకు 1, 2, 3 అని నంబర్లు రాసుకోండి. ఆగిన ప్రతిసారీ ఏ నంబరో రాసుకుంటే రెండు మ్యాచ్‌లలో దొంగ దొరుకుతాడు. అన్ని నంబర్లతోనూ ఆగితే అప్పుడు గన్‌ను, తూటాలను చూడాలి. ఖాళీ షెల్ బయటకు పోకుండా నిలువుగా ఇరుక్కుంటే చాలాసార్లు మణికట్టు వదులుగా ఉండటమే కారణం. గన్ వెనక్కి తన్నేటప్పుడు చేతులు కూడా దానితో పోతే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు.

ట్రిగర్ నొక్కితే "టిక్" మని ఊరుకోవడం వేరే జబ్బు. నాకు ఒకసారి వచ్చింది. ట్రిగర్ తేలిక చేయమని ఒక గన్‌స్మిత్‌కు ఇస్తే, చెప్పకుండా హామర్ స్ప్రింగ్ బలహీనమైనది వేసి ఇచ్చాడు. దుకాణంలో వేళ్లకు వెన్నలా ఉంది. మ్యాచ్‌లో నాలుగైదు తూటాలకు ఒకటి పేలలేదు. ఆ తూటాల అడుగున చూస్తే ప్రైమర్ (దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న బిళ్ల) మీద గుంట లోతుగా పడలేదు. పాత స్ప్రింగ్ వేయగానే సమస్య పోయింది. ట్రిగర్ మెత్తదనం కంటే ప్రతిసారీ పేలడం ముఖ్యమని కొత్తవాళ్లకు చెప్పేది అందుకే.

ఇంకొకటి, దీన్ని మాత్రం కంఠతా పెట్టుకోండి. చప్పుడు మామూలుగా కాక "ఫట్" మని పీలగా వచ్చి, తన్ను కూడా తక్కువగా ఉంటే, ఆగిపోండి. తూటా బారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. స్లైడ్ లాగి ఇంకొకటి కాలిస్తే బారెల్ పగులుతుంది, చేతులు పోతాయి. ఆ స్టేజ్ (మ్యాచ్‌లో ఒక అంకం) పోతే పోనివ్వండి.

సమస్య: బజర్ మోగగానే బుర్ర ఖాళీ అయిపోతోంది

"మేక్ రెడీ" అంటారు, గన్ నింపుకుంటాం. "ఆర్ యూ రెడీ", "స్టాండ్‌బై", ఆ తర్వాత బీప్. ఆ బీప్ తర్వాత ఏం జరిగిందో గుర్తులేదంటారు చాలామంది. మూల దాటి పరిగెత్తాక వెనక రెండు టార్గెట్లు మిగిలిపోయాయని తెలుస్తుంది. రెండు తూటాలు కొట్టాల్సిన ఒక కాగితం టార్గెట్‌ను పూర్తిగా మర్చిపోతే రెండు మిస్‌లకు 20, అసలు కాల్చనందుకు ఇంకో 10, మొత్తం 30 పాయింట్లు పోతాయి. రావాల్సిన 10 కూడా రావు.

కారణం టెన్షన్ అనుకుంటారు. నా అనుభవంలో కారణం ప్లాన్ లేకపోవడం, టెన్షన్ దాని వెనకే వస్తుంది. స్టేజ్ చూసుకోవడానికి ఇచ్చే నాలుగైదు నిమిషాల్లో కొత్తవాళ్లు కబుర్లు చెబుతూ తిరుగుతారు. ముందు టార్గెట్లు లెక్కపెట్టండి. స్టేజ్ వివరణలో చెప్పిన రౌండ్ల సంఖ్యకు మీ లెక్క సరిపోవాలి. తర్వాత ఎక్కడ నిలబడితే ఏవి కనబడతాయో, ఏ రెండు చోట్ల మధ్య మ్యాగజైన్ మార్చాలో తేల్చుకోండి. ఆపైన పక్కకు వెళ్లి కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా మనసులో నడవండి. ఎక్కడైనా తడబడితే ఇంకా సిద్ధం కాలేదన్నట్టే. ఐదారుసార్లు తడబడకుండా నడవగలిగితే బజర్ మిమ్మల్ని ఏమీ చేయలేదు.

హోల్‌స్టర్ నుంచి తీయడమే భయమనిపిస్తే ముందు స్టీల్ చాలెంజ్ అనే వేరే రకం మ్యాచ్‌కు వెళ్లండి. .22 పిస్టల్‌తో ఆడితే హోల్‌స్టరే అక్కర్లేదు, గన్ చేతిలో కిందకు గురిపెట్టి ఉండగానే మొదలవుతుంది. పరుగులు కూడా దాదాపు ఉండవు. ఐదు ఇనుప పలకలను కొట్టడమే పని.

సమస్య: వేగంగా కాల్చినా పేరు అడుగున ఉంటోంది

లెక్క చూస్తే తేలిపోతుంది. 9 ఎం.ఎం. వాడే కొత్తవాళ్లకు మైనర్ స్కోరింగ్ ఉంటుంది. కాగితం టార్గెట్ మధ్యలోని 'ఏ' (A) జోన్‌కు 5, దాని చుట్టూ ఉన్న 'సీ' (C)కి 3, బయటి 'డీ' (D)కి 1, మిస్ అయితే 10 కోత. 16 రౌండ్ల స్టేజ్‌ను ఒకరు 12 సెకన్లలో ముగించి 10 ఏలు, 4 సీలు, 2 మిస్‌లు తెచ్చుకున్నారనుకోండి. 62లో 20 పోతే 42, దాన్ని 12తో భాగిస్తే 3.5. ఇంకొకరు 15 సెకన్లు తీసుకుని 14 ఏలు, 2 సీలు కొట్టారు. 76ను 15తో భాగిస్తే 5.07. మూడు సెకన్లు ఆలస్యమైనా రెండో వ్యక్తే చాలా ముందున్నారు. తొలి ఏడాది మిస్‌లు లేకుండా ఆడటమే మీ లక్ష్యం కావాలి. సమయం తగ్గించుకోవాలంటే టార్గెట్ మీద తొందరపడకండి, నడకలో తగ్గించండి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఊరికే నడిచి వెళ్తూ, అక్కడికి చేరాక గానీ గన్ ఎత్తనివాళ్లు పారేసుకునే సెకన్లు అన్నిటికంటే ఎక్కువ.

సమస్య: "ఆపండి" అన్నారు, ఇంటికి పంపేశారు

దీన్ని డీక్యూ (డిస్‌క్వాలిఫికేషన్, అనర్హత) అంటారు. ఆ రోజుకు ఆట ముగిసినట్టే. కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది 180 డిగ్రీల నియమంలో. గన్ ముక్కు ఎప్పుడూ టార్గెట్ల వెనక ఉన్న మట్టి గట్టు వైపే ఉండాలి, మీరు ఎటు తిరిగినా, మీరున్న చోట ఆ గట్టుకు సమాంతరంగా ఉన్న ఊహాగీత దాటి వెనక్కి రాకూడదు. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ వైపు పరిగెడుతూ మ్యాగజైన్ మార్చేటప్పుడు ఇది దాటిపోతుంది. ఒళ్లు ఎడమకు తిరుగుతుంది, మ్యాగజైన్ కోసం గన్ ఇంకా ఎడమకు తిరుగుతుంది. మందు ఒకటే: ఎడమకు వెళ్లాల్సి వస్తే ముందు ఒక అడుగు వేసి, గన్‌ను గట్టు వైపు చూపిస్తూ మార్చడం ఇంట్లో నేర్చుకోండి. అప్పటిదాకా నిలబడే మార్చండి.

కదిలేటప్పుడు వేలు ట్రిగర్ గార్డు బయట ఉండాలి. సేఫ్టీ ఏరియాలో (గన్ సర్దుకోవడానికి రేంజ్‌లో కేటాయించిన చోట) గన్ ముట్టుకోవచ్చు, తూటా మాత్రం ముట్టుకోకూడదు, డమ్మీ కూడా. అది తప్ప ఇంకెక్కడా రేంజ్ ఆఫీసర్ చెప్పకుండా గన్ బయటకు తీయకండి. గన్ కింద పడితే వంగి తీయబోకండి, పట్టుకోబోకండి. గాల్లో పట్టుకోబోయి వేలు ట్రిగర్ మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. దాన్ని మేమే తీస్తాం. డీక్యూ అయినవారిని మా స్క్వాడ్‌లో ఎవరూ చిన్నచూపు చూడరు, మ్యాచ్ చివరిదాకా ఉండి టేప్ అంటించి వెళ్లినవారిని నెలదాకా గుర్తుపెట్టుకుంటాం.

సమస్య: ఏం కొనాలో తెలియడం లేదు

నమ్మకమైన 9 ఎం.ఎం. ఫుల్ సైజు పిస్టల్, ట్రిగర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, వంగని బెల్టు, నాలుగైదు మ్యాగజైన్లు, వాటికి పౌచ్‌లు, కళ్లద్దాలు, చెవులకు రక్షణ. 200 తూటాలు తెచ్చుకుంటే మామూలు స్థానిక మ్యాచ్‌కు సరిపోతాయి. మ్యాచ్‌కు పేరు ప్రాక్టీస్కోర్ (PractiScore) వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవచ్చు, కొత్తవారినని ముందే రాయండి. మిగిలిన డబ్బు తూటాల మీద, ఒక షాట్ టైమర్ (బీప్ ఇచ్చి, కాల్చిన సమయం లెక్కపెట్టే పరికరం) మీద పెట్టండి.

సమస్య: మ్యాచ్ అయ్యాక చేతులు నల్లగా, నోట్లో లోహపు రుచి

ప్రైమర్ పొగలో, తూటాల మీద సీసం ఉంటుంది. రేంజ్‌లో చేతులు కడగకుండా సమోసా ముట్టుకోకండి. చన్నీళ్లు, సబ్బుతో మోచేతుల దాకా కడగండి. ఇంటికి రాగానే బూట్లు గుమ్మం బయటే వదిలి, బట్టలు విడిగా ఉతకడానికి వేసి, స్నానం చేశాకే పిల్లలను ఎత్తుకోండి.