ఈ సెలవుల్లో పాపకు చెవులు కుట్టిస్తున్నారా?

ఏప్రిల్ వచ్చిందంటే మన హైదరాబాద్‌లో చెవులు కుట్టించే హడావిడి మొదలవుతుంది. బడికి సెలవులు, మేనమామకూ వీలు కుదురుతుంది, యాదగిరిగుట్టలో పుట్టు వెంట్రుకలు తీయించి అదే రోజు చెవులు కూడా కానిచ్చేద్దాం అనుకుంటారు. వేడుక మానుకోమని నేను చెప్పను. తేదీ మాత్రం మళ్లీ ఒకసారి ఆలోచించండి. 40 డిగ్రీల ఎండ, చెమట, దుమ్ము పచ్చి గాయానికి మంచివి కావు. కుట్టిన తమ్మె మానడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, అన్నాళ్లూ స్విమ్మింగ్ పూల్‌లో దిగకూడదు. సెలవుల్లో పిల్లల్ని పూల్‌కి వెళ్లకుండా ఆపడం ఎంత కష్టమో మీకు తెలుసు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే చల్లటి రోజులు దీనికి నయం.

ఇక వయసు. బారసాల రోజే, అంటే 11వ రోజో 21వ రోజో కుట్టించెయ్యమని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అంత పసికందుకు వద్దు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే, కారణం ఏదైనా, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ముహూర్తం కన్నా ముందు టీకా కార్డు తీసి చూడండి. 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో ధనుర్వాతానికీ, హెపటైటిస్ బికీ రక్షణ ఉంటుంది. ఆ మూడు డోసులూ అయ్యేసరికి బిడ్డకు నాలుగో నెల నడుస్తుంటుంది. అయిదో నెలలో పెట్టుకుంటే పెద్దవాళ్లు అడిగే బేసి నెల కూడా కుదురుతుంది, అత్తగారితో వాదనే ఉండదు.

ఏడాది నుంచి మూడేళ్ల మధ్య పిల్లలతో కష్టం. చెయ్యి ఊరుకోదు, పోగు లాగేస్తారు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. అప్పటికి కుట్టించకపోతే, తనే అడిగే వయసు దాకా ఆగండి. ఇంట్లో ఎవరికైనా గాయం మానిన చోట కెలాయిడ్ గడ్డలు కట్టిన చరిత్ర ఉంటే చర్మ డాక్టరును అడగకుండా ముందుకు వెళ్లొద్దు. 11 ఏళ్లు దాటాక కుట్టించినవాళ్లలో ఆ గడ్డలు ఎక్కువగా కనిపిస్తాయి. గుండె జబ్బు, రక్తం గడ్డకట్టని సమస్య ఉన్న పిల్లలకైతే డాక్టరు సరే అంటేనే.

ఎక్కడ కుట్టించాలి? నా మాట అడిగితే, స్టెరైల్ సూది, అంటే క్రిములు లేకుండా శుద్ధి చేసిన సూది వాడే క్లినిక్‌లోనే. నగల షాపుల్లో వాడే గన్‌లలో చాలావాటికి ప్లాస్టిక్ భాగాలుంటాయి, వాటిని ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో పెట్టలేరు. పైన దూదితో స్పిరిట్ తుడిస్తే లోపలికి చేరిన రక్తపు తుంపర పోదు. అనుభవం ఉన్న కంసాలి చేతే కుట్టించాలనుకుంటే సూదైనా తీగైనా సీల్ వేసిన ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పాలి, గ్లౌజులు కొత్తవి వేసుకోవాలి. నిప్పు మీద చూపించిన సూది చాలదు. ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు, హెపటైటిస్ బి, సి లాంటివి అలాంటి సూదులతో కూడా ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. కుట్టే ముందు రెండు తమ్మెల మీద పెట్టిన చుక్కలు బిడ్డ తల నిటారుగా ఉన్నప్పుడు ఎదురుగా నిలబడి చూడండి. ఒకటి కిందికుంటే తుడిపించి మళ్లీ పెట్టించండి.

పోగులు బంగారువే మంచివి, కానీ వైట్ గోల్డ్‌లోనూ, రోల్డ్ గోల్డ్‌లోనూ నికెల్ ఉండొచ్చు, దానివల్ల దురద, రసి రావచ్చు. సీల బిగించేటప్పుడు కాస్త వదులు ఉంచమనండి. రెండో రోజుకి తమ్మె వాస్తుంది. బిగుతుగా ఉంటే ఆ సీల మాంసంలోకి దిగబడిపోతుంది, ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. అందుకే మొదటి వారమంతా రోజూ రాత్రి ఫోన్ టార్చి వేసి చెవి వెనక చూడాలి. సీల పూర్తిగా కనిపిస్తోందా లేదా అన్నదే చూడాల్సింది.

శుభ్రం చేయడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. కాచి చల్లార్చిన గ్లాసు నీళ్లలో పావు టీస్పూను ఉప్పు కలిపి, చేతులు సబ్బుతో కడుక్కుని, రోజుకు రెండుసార్లు దూదితో అద్దండి. పసుపు, కొబ్బరి నూనె, వేపపుల్ల వద్దు. పోగు తిప్పుతూ ఉంటే కన్నం పూడదనే మాట కూడా నమ్మొద్దు, తిప్పినప్పుడల్లా పక్కు రేగి మళ్లీ గాయమవుతుంది. తలకు నూనె పెట్టేటప్పుడు చెవులకు అంటకుండా చూసుకోండి.

ఎర్రబారడం పెరుగుతున్నా, చీము వస్తున్నా, జ్వరం ఉన్నా మీ పిల్లల డాక్టరుకు చూపించండి. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా ఉంది. పోగు మీరే పీకేయకండి, కన్నం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు. పెద్ద పిల్లలు పై చెవి కూడా కుట్టించమని అడిగితే అది వేరే సంగతి. అక్కడ ఉండేది కార్టిలేజ్, అంటే మెత్తటి ఎముక, మానడానికి నెలలు పడుతుంది, చీము పడితే చెవి ఆకారమే పోవచ్చు. పదో తరగతి పిల్ల ఎంత బతిమాలినా దానికి ఇప్పుడే ఒప్పుకోకండి.